మన జిల్లా పేరిటి పెద్దమనిషి: కొండా వెంకట రంగారెడ్డి

ప్రతి సంవత్సరం కళాశాలలో ప్రవేశాలు జరిగే రోజులలో దరఖాస్తు ఫారాలను సరిచూచే పని కొంత నా వంతుకు వస్తుంది. శేరిలింగంపల్లి, మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నార్సింగి, మణికొండ మొదలైన చోట్ల నుండి వచ్చే విద్యార్థులు చిరునామా చివర అలవాటుగా ఆర్. ఆర్. జిల్లా అని వ్రాస్తారు. ఆ రెండు అక్షరాల వెనుక ఎవరున్నారని ఒకనాడు తెలుగు తరగతిలో అడిగినాను. పూర్వం ఏదో సంస్థానాన్ని ఏలిన దొర అని ఒకరన్నారు. కోట కట్టించిన సామంతుడని మరొకరన్నారు. వెనుక బల్ల మీద కూర్చున్న అబ్బాయి లేచి, ఆ పేరు గల మనిషి నిజంగా ఉండెనా సార్ అని నన్నే ఎదురు ప్రశ్న వేసినాడు. తరగతి అంతా నవ్వినది. కాని తప్పు పిల్లలది కాదు. ఒక మనిషి పేరు రహదారికో జిల్లాకో పెట్టిన తరువాత, ఆ పేరు నోళ్ళలో నలిగి, మనిషి మరుగున పడిపోవడం లోకంలో ఉన్నదే. ఆయన గూర్చి నాలుగు మాటలు మన సంచికలో వ్రాయవలెనని నాకు ఆనాడే అనిపించినది.

కొండా వెంకట రంగారెడ్డి గారు 1890 డిసెంబరు 12వ తేదీన పెద్దమంగళారం గ్రామంలో జన్మించినారు. ఈ ఊరు నేటి మొయినాబాదు మండలంలో ఉన్నది. ఆయన పుట్టిన నాటికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలన సాగుచున్నది. మూసీ వరద ఇంకా రాలేదు. ఆ వరద పిమ్మట నగర రక్షణకై కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులు ఇంకా ఎవరి ఊహలోనూ లేవు. జొన్న, ఆముదం, కొద్దిపాటి వరి పండే మెట్ట నేలలు, రాతిగుట్టలు, తాటి ఈత వనాలు - ఇదీ నాటి పడమటి హైదరాబాదు స్వరూపం. నేడు అద్దాల మేడలు నిలిచిన మాదాపూర్ కూడ అప్పుడు ఇట్టి పల్లెయే.

ఆ కాలంలో చదువు కోరిన తెలుగు పిల్లవానికి దారి ఒకటే, ఉర్దూ దారి. రంగారెడ్డి గారు జన్మించుటకు కొద్ది సంవత్సరాల ముందే ఫారసీ స్థానంలో ఉర్దూ సర్కారు భాష అయినది. కచేరీలలో దస్తావేజులు ఉర్దూలో నడిచేవి. న్యాయస్థానాలలో వాదన ఉర్దూలో, తీర్పు ఉర్దూలో. వకాలతు పరీక్ష కావలెనన్నా ఉర్దూ రావలసినదే. రంగారెడ్డి గారు ఆ భాషను పట్టుదలతో నేర్చి, వకీలై, హైదరాబాదు న్యాయస్థానాలలో పేరు గడించినారు. పల్లెటూరి రైతు తన భూమి తగాదాను తెలుగులో చెప్పుకొంటే, దానిని ఉర్దూలోకి మార్చి న్యాయమూర్తి ముందు పెట్టడం ఆయన దైనందిన వృత్తి. రెండు భాషల నడుమ నిలిచి ఒకరి మాట మరొకరికి చేరవేయడమన్న మాట. మన కళాశాలలో రెండు భాషల పాఠాలు ఒకే వరండాలో నడుస్తున్నవి కాబట్టి ఈ సంగతి మనకు కొంత దగ్గరగా తోచును.

ఇక్కడ ఒక మాట చెప్పవలె. నిజాం రాష్ట్రంలో తెలుగు కొరకు పోరాడిన వారందరూ ఉర్దూకు శత్రువులని ఒక అపోహ నేటికీ కొందరిలో ఉన్నది. చరిత్ర అట్లా లేదు. మందుముల నరసింగరావు గారు రయ్యత్ అనే ఉర్దూ పత్రికను నడిపినారు. బూర్గుల రామకృష్ణారావు గారు ఫారసీలో పండితులు. రంగారెడ్డి గారి జీవనోపాధియే ఉర్దూ వకాలతు. వారు అడిగినది మరొక భాషను తొలగించుమని కాదు. రాష్ట్రంలో దాదాపు సగం మంది మాట్లాడే భాషకు చదువులో, సభలో, కచేరీలో చోటు ఇమ్మని అడిగినారు.

ఆ చోటు ఎంత కరవై ఉండినదో 1921 నవంబరులో తెలిసివచ్చినది. వివేకవర్ధినీ నాటకశాలలో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగినది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను శాంతంగా విన్న సభికులు, ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోగా గేలి చేసి కూర్చుండబెట్టినారు. అవమానపడిన తెలుగువారు ఆ రాత్రియే కూడి ఒక సంఘం పెట్టుకొన్నారు. ఆంధ్రజన సంఘం అట్లా పుట్టినది. అదియే పెరిగి పెరిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ అయినది. ఆ ఉద్యమం తొలి తరంలోని ప్రముఖులలో రంగారెడ్డి గారు ఒకరు.

1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఐదవ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత ఆయనకు లభించినది. ఆ రోజులలో సభ జరపడమే ఒక పెద్ద పని. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి లేనిదే సభ చేయరాదు. ఏమి మాట్లాడుదురో, ఏ తీర్మానాలు పెట్టుదురో సర్కారుకు తెలుపవలె. రాజకీయాలు మాట్లాడబోమని హామీ ఇవ్వవలె. ఇట్టి కట్టుబాటులో వెట్టిచాకిరి మాటను, మాతృభాషలో ప్రాథమిక విద్య మాటను, రైతు కష్టాల మాటను చెప్పుట వకీలుకు గాక మరెవ్వరికి సాధ్యం? చట్టం ఎంత వరకు వదలునో చూచి, ఆ గీత దాటకుండా, దాని అంచు వరకు నడవడం ఆయన పద్ధతి. మహాసభతో పాటు ప్రతిసారి మహిళా సభ కూడ జరిగేది. పరదా పాటించే ఇండ్ల నుండి స్త్రీలు బయలుదేరి వచ్చి వేదికపై మాట్లాడిన ఘట్టం ఆనాటి పల్లెలకు ఎంత వింతో నేటి మన విద్యార్థినులు ఊహించుకోవలె.

ఏడు సంవత్సరాల తరువాత, 1943లో హైదరాబాదు నగరంలో జరిగిన పదవ మహాసభకు ఆయన మరల అధ్యక్షులైనారు. కాని ఈసారి పీఠం పూలపాన్పు కాదు. అప్పటికి మహాసభలో కమ్యూనిస్టుల బలం పెరిగినది. వారి పక్షాన బద్దం ఎల్లారెడ్డి గారు పోటీలో నిలిచినారు. రంగారెడ్డి గారు గెలిచినారు గాని, గెలుపు ఎంతో కాలం నిలువలేదు. 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులై, సభ్యత్వ రుసుమును నాలుగణాల నుండి ఒక అణాకు తగ్గించినారు. ఒక అణా ఇచ్చి కూలివాడు, కౌలుదారు, గొల్ల, చాకలి అందరూ సభ్యులైనారు. మితవాదులు వేరైపోయినారు. వకీళ్ళ సభ పోయి సంఘం వచ్చినది. పల్లెలలో సంఘం అన్న మాట అప్పటి నుండియే వేరే అర్థంతో మ్రోగినది.

ఈ చీలికలో రంగారెడ్డి గారిది ఏ పక్షమో దాచవలసిన పని లేదు. ఆయన భూమి గల కుటుంబం వారు, న్యాయవాది, క్రమపద్ధతిని నమ్మిన మనిషి. భూస్వామిని కర్రతో ఎదిరించే పోరాటం ఆయన దారి కాదు. ఆ విషయంలో చరిత్ర భువనగిరి సభ వారి వైపున ఎక్కువ మొగ్గినదని నా అభిప్రాయం. వెట్టి గూర్చి మహాసభలు ఎన్నో ఏండ్లు తీర్మానాలు చేసినవి. ఆ తీర్మానాలను గడీ గుమ్మం దాకా తీసికొనిపోయినది తరువాతి వారు. అయితే ఆ తీర్మానాలు వ్రాసిన తరం లేకపోతే తరువాతి తరానికి వేదికయే ఉండెడిది కాదన్న సంగతి కూడ అంతే నిజం.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాదు భారతదేశంలో కలిసినది. కొంతకాలం సైనిక పాలన, ఆపై వెల్లోడి గారి పాలన. ఆ మార్పు మన నగరంలోని, జిల్లాలలోని ముస్లిం కుటుంబాలకు ఎట్టి దినాలను తెచ్చినదో మన ఇండ్లలో పెద్దలు చెప్పగా విన్నవారికి తెలుసు. ఉద్యోగాలు పోయినవి, ఉర్దూ కచేరీల నుండి క్రమంగా తొలగినది. దానికి తోడు మరొక మార్పు. బయటి ప్రాంతాల నుండి ఉద్యోగులు పెద్ద సంఖ్యలో వచ్చినారు. ఇంగ్లీషు తెలిసిన వారికి గిరాకి పెరిగినది. ఉర్దూలో చదివి పైకి వచ్చిన స్థానికుడు, హిందువైనా ముస్లిమైనా, ఒక్కసారిగా పనికిరాని వాడైనాడు. ముల్కీ సమస్యకు ఈ బాధ మూలమని గుర్తించనిదే రంగారెడ్డి గారి తరువాతి రాజకీయం అర్థం కాదు.

1952లో తొలి సాధారణ ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి అయినారు. ఆ శాసనసభకు ఎన్నికైన రంగారెడ్డి గారికి మంత్రివర్గంలో ఆబ్కారీ, కస్టమ్స్, అడవుల శాఖలు లభించినవి. వయస్సు అప్పటికి 61. ఆయన మేనల్లుడు, యువకుడైన డాక్టర్ మర్రి చెన్నారెడ్డి కూడ అదే మంత్రివర్గంలో ఉండినారు. మేనమామ, మేనల్లుడు ఒకే బల్ల వద్ద కూర్చొన్న అరుదైన దృశ్యం.

ఆ సంవత్సరం సెప్టెంబరులోనే ముల్కీ ఆందోళన చెలరేగినది. 15 సంవత్సరాలు రాష్ట్రంలో నివసించిన వానికే సర్కారు కొలువు అనే ముల్కీ నిబంధన నిజాం కాలం నాటిది. దానిని కాదని, దొంగ ముల్కీ పత్రాలతో బయటివారు ఉద్యోగాలు పొందుచున్నారని విద్యార్థులు వీధులకెక్కినారు. సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కాలేజీ పరిసరాలలో పోలీసులు కాల్పులు జరిపినారు. యువకుల ప్రాణాలు పోయినవి. ముల్కీ నిబంధనలను పరిశీలించుటకు ప్రభుత్వం నియమించిన మంత్రుల ఉపసంఘంలో రంగారెడ్డి గారు సభ్యులు. మూసీ ఒడ్డున నేటికీ నిలిచియున్న సిటీ కాలేజీ భవనం ముందు నుండి బస్సులో పోవునపుడు ఈ సంగతి గుర్తు చేసికొనే విద్యార్థులు మనలో ఎందరో నాకు తెలియదు.

ఆబ్కారీ శాఖ గూర్చి రెండు మాటలు. కల్లు, సారా మీద వచ్చే పన్నును గూర్చి మాట్లాడుట సంచికకు శోభ కాదని కొందరు అనుకొనవచ్చును. కాని తెలంగాణ ప్రశ్నలో ఇది ముఖ్యమైన లెక్క. 1953 అక్టోబరులో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో మద్యనిషేధం ఉన్నది, ఆ ఆదాయం లేదు. తెలంగాణలో నిషేధం లేదు, ఆబ్కారీ మీద సంవత్సరానికి దాదాపు 5 కోట్ల రూపాయలు వచ్చేవి. భూమి శిస్తు కూడ ఇక్కడ ఎక్కువ. ఫజల్ అలీ గారి అధ్యక్షతన పనిచేసిన రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955 సెప్టెంబరు 30న ఇచ్చిన నివేదికలో ఈ లెక్కనే ఎత్తి చూపినది. కొత్తగా పుట్టిన ఆంధ్ర రాష్ట్రం డబ్బుకు ఇబ్బంది పడుచున్నదని, తెలంగాణకు అట్టి ఇబ్బంది తక్కువ అని, రెండూ కలిసినచో ఇక్కడి మిగులు అక్కడికి పోవునన్న భయం ఇక్కడివారిలో కలదని సంఘం గుర్తించినది. ఆ భయం గాలి మాట కాదని రంగారెడ్డి గారికి తెలుసు. ఆ శాఖ చిట్టా పద్దులు ఆయన బల్ల మీదనే ఉండినవి.

తెలంగాణను హైదరాబాదు రాష్ట్రంగా వేరుగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత ఇక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరినచో ఆంధ్రతో కలుపవచ్చునని ఆ సంఘం సిఫారసు చేసినది. రంగారెడ్డి గారు, చెన్నారెడ్డి గారు ఈ సిఫారసును గట్టిగా సమర్థించినారు. విశాలాంధ్ర కోరినవారు వెంటనే కలుపుమన్నారు. 1955 చివరలో హైదరాబాదు శాసనసభలో దీనిపై రోజుల తరబడి చర్చ నడిచినది. తెలంగాణ సభ్యులలో 59 మంది విలీనం వైపు, 25 మంది దానికి ఎదురుగా మాట్లాడినట్లు లెక్క. కమ్యూనిస్టులు విశాలాంధ్రకు కట్టుబడినారు. కాంగ్రెసు రెండుగా చీలినది. ముఖ్యమంత్రి బూర్గుల గారు మొదట సందేహించి, తుదకు విలీనానికి తలయొగ్గినారు. లెక్కలో ఓడిన పక్షం రంగారెడ్డి గారిది. అరవై ఐదేండ్ల వయస్సులో ఢిల్లీకి తిరిగి, పెద్దలకు విన్నవించి, వినతులు సమర్పించి, చివరకు పార్టీ అధిష్ఠానం నిర్ణయం ముందు నిలిచినారు.

ఇక ఆయన జీవితంలోని కీలకమైన దినం వద్దకు వచ్చినాము. 1956 ఫిబ్రవరి 20. స్థలం ఢిల్లీలోని హైదరాబాదు హౌస్. నిజాం ప్రభువు తన ఢిల్లీ విడిది కొరకు కట్టించుకొన్న మహలులో నిజాం రాష్ట్రం భవిష్యత్తు తేలినది. ఆంధ్ర పక్షాన బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు గార్లు కూర్చొన్నారు. తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె. వి. నరసింగరావు గార్లు. ఎనిమిది మంది కలిసి వ్రాసికొన్న పత్రానికి పెద్దమనుషుల ఒప్పందం అని పేరు వచ్చినది.

పాఠ్యపుస్తకాలలో ఈ ఒప్పందం గూర్చి ఒక వాక్యం ఉంటుంది, పరీక్షలో ఒక మార్కు ఉంటుంది. లోపల ఏమి వ్రాసినారో చదివిన వారు తక్కువ. తెలంగాణలో వచ్చిన మిగులు ఆదాయం తెలంగాణలోనే వ్యయం కావలె. ఇక్కడి విద్యాసంస్థలలో ఇక్కడి విద్యార్థులకు ప్రాధాన్యం. ఉద్యోగాలకు 12 సంవత్సరాల నివాసం. తెలంగాణకు ఒక ప్రాంతీయ మండలి. మంత్రివర్గంలో అరవై పాళ్ళు ఆంధ్రకు, నలభై పాళ్ళు తెలంగాణకు. ఆ నలభైలో ఒకరు తెలంగాణ ముస్లిం కావలె. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి మరొక ప్రాంతం వారు. హోం, ఆర్థికం, రెవెన్యూ, ప్రణాళిక అభివృద్ధి, వాణిజ్య పరిశ్రమలు అనే శాఖలలో రెండు తెలంగాణ మంత్రులకు ఇవ్వవలె. మరి రెండు షరతులను మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలె. ఒకటి: పరిపాలనలోనూ న్యాయస్థానాలలోనూ ఉర్దూకు ఉన్న స్థానం ఐదు సంవత్సరాలు కొనసాగవలె, ఆ మీదట ప్రాంతీయ మండలి దానిని పునఃపరిశీలించవచ్చును. రెండు: తెలంగాణలోని వ్యవసాయ భూముల విక్రయం ప్రాంతీయ మండలి అదుపులో ఉండవలె.

ఉర్దూ షరతు ఎవరి పట్టుదలతో చేరినదో నేను చెప్పజాలను. కాని ఆ పత్రంపై సంతకం చేసిన తెలంగాణ నలుగురిలో ఇద్దరు వృద్ధులు, బూర్గుల గారు, రంగారెడ్డి గారు, ఉర్దూ న్యాయస్థానాలలో జీవితం గడిపిన వకీళ్ళు. తమకు అన్నం పెట్టిన భాష అనాథ కారాదని వారికి తోచి ఉండుట సహజం.

ఒప్పుకొననివాడు ఎందుకు సంతకం చేసినాడు? ఈ ప్రశ్నను నన్ను విద్యార్థులే అడిగినారు. విలీనం ఎట్లూ తప్పదని తేలిన తరువాత, వట్టి చేతులతో పోవుట కన్న కాగితంపై కొన్ని హామీలు వ్రాయించుకొని పోవుట మేలని వకీలు బుద్ధి ఆయనకు చెప్పినదని నా ఊహ. కోర్టులో ఓడిపోయే దావాను రాజీ చేసికొని కక్షిదారునికి దక్కినంత దక్కించే వకీలు పని అది. అయితే రాజీపత్రానికి కోర్టు ముద్ర ఉంటుంది. ఈ పత్రానికి అట్టి ముద్ర లేదు. పెద్దమనుషుల మాట మీద నిలిచిన పత్రం అది, పెద్దమనిషి తరహా తప్పినచో అడిగే దిక్కు లేదు. ఇంత అనుభవజ్ఞుడైన న్యాయవాదికి ఈ లోపం కనబడలేదా? కనబడియే ఉండును. అయినను గత్యంతరం లేక చేసిన పనిగా దీనిని నేను భావిస్తున్నాను. నాతో ఏకీభవించని వారు మన అధ్యాపకులలోనే ఉన్నారు. తేనీటి వేళ ఈ విషయమై మా మధ్య వాదన జరుగుతూనే ఉంటుంది.

మాట తప్పుటకు ఎంతో కాలం పట్టలేదు. బిల్లు ముసాయిదాలో ఆంధ్ర-తెలంగాణ అని ఉండిన రాష్ట్రం పేరు తుదకు ఆంధ్రప్రదేశ్ అయినది. 1956 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడి సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయినారు. ఉపముఖ్యమంత్రి పదవి ఇవ్వలేదు. అది చేతికి ఆరవ వ్రేలు వంటిదని ఆయన త్రోసిపుచ్చినట్లు ప్రసిద్ధి. సంతకాలు చేసి నిండా తొమ్మిది నెలలు గడువలేదు. సంతకం చేసిన వారిలో ఒకరే ముఖ్యమంత్రి. బూర్గుల గారు గవర్నరుగా కేరళకు వెళ్ళిపోయినారు. రంగారెడ్డి గారు కొత్త మంత్రివర్గంలో మంత్రిగా చేరినారు. ప్రాంతీయ మండలి అని వ్రాసికొన్నది 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో ప్రాంతీయ సంఘమై వచ్చినది, పేరుతో పాటు బలమూ తగ్గినది.

1960 జనవరిలో దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయినారు. దళిత కుటుంబం నుండి వచ్చి ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన తొలి వ్యక్తి ఆయన. ఆయన మంత్రివర్గంలో రంగారెడ్డి గారు ఉపముఖ్యమంత్రి అయినారు. ఒప్పందంలో వ్రాసిన పదవి ఎట్టకేలకు, దాదాపు 70 ఏండ్ల వయస్సులో ఆయనకే దక్కినది. తెలంగాణ హక్కు నిలబడినదని కొందరు సంతోషించినారు. హక్కు కాదు, పదవి దక్కినదని కొందరు పెదవి విరిచినారు. నాకు ఈ రెండవ మాటలో కొంత న్యాయం కనబడుతుంది. ఒక మనిషికి పదవి ఇచ్చినంత మాత్రాన మిగులు నిధుల లెక్క మారదు, ఉద్యోగం రాని పట్టభద్రునికి ఉద్యోగం రాదు. 1962లో సంజీవయ్య గారి మంత్రివర్గంతో పాటు ఆ పదవి కూడ పోయినది. ఇష్టమైనప్పుడు ఉండి, లేనప్పుడు తీసివేయగలిగినది నిజంగా షరతు అగునా?

1969 వచ్చునప్పటికి రంగారెడ్డి గారు వయోవృద్ధులు. ఆ జనవరిలో ఖమ్మం జిల్లా పాల్వంచలో మొదలైన అలజడి హైదరాబాదు చేరినది. కళాశాలలు మూతపడినవి, విద్యార్థులు ఒక విద్యా సంవత్సరం నష్టపోయినారు, కాల్పులలో అనేకులు మరణించినారు. ఉద్యోగ రక్షణలు, మిగులు నిధులు, అమలు కాని ఒప్పందం - ఆయన పదమూడేండ్ల క్రితం కాగితంపై వ్రాయించిన మాటలనే ఇప్పుడు పిల్లలు గోడల మీద వ్రాసినారు. ఆయన మేనల్లుడు చెన్నారెడ్డి గారు తెలంగాణ ప్రజాసమితికి నాయకులైనారు. 1970 జూలై 24న రంగారెడ్డి గారు కన్నుమూసినారు. మరుసటి సంవత్సరం మార్చిలో లోకసభ ఎన్నికలలో ప్రజాసమితి తెలంగాణలోని 14 స్థానాలకు గాను 10 గెలిచినది. ఆ గెలుపును గాని, కొద్ది నెలలకే ఆ సమితి కాంగ్రెసులో కలిసిపోవుటను గాని ఆయన చూడలేదు.

1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లా నుండి నగరం చుట్టునున్న గ్రామీణ ప్రాంతాన్ని వేరుచేసి కొత్త జిల్లా ఏర్పరచినారు. అప్పుడు ముఖ్యమంత్రి చెన్నారెడ్డి గారే. మేనల్లుడు మేనమామ పేరు పెట్టుకొన్నాడని గుసగుసలు పోయినవారు ఉన్నారు. అందులో బంధుప్రీతి లేదని నేను వాదించను. కాని ఆ ప్రాంతంలో పుట్టి, దాని తరఫున ఆ స్థాయిలో వాదించిన మరొకరి పేరు చెప్పుమనినచో వెంటనే జవాబు దొరకదు.

ఆ జిల్లాలో తరువాత జరిగినది మనం కండ్లారా చూస్తున్నదే. 1969, 1972 ఉద్యమాల పర్యవసానంగా వచ్చిన ఆరు సూత్రాల పథకం ప్రాంతీయ సంఘాన్ని రద్దు చేసినది. ఆ పథకంలో భాగంగానే 1974లో హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గారి ఇంటిలో మొదలై గచ్చిబౌలి రాతిగుట్టల నడుమకు వచ్చిన ఆ విశ్వవిద్యాలయం, ఒక విధంగా, ఆ చెల్లని ఒప్పందానికి దూరపు సంతానం. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడ గచ్చిబౌలికే వచ్చినది. ఉర్దూకు ఐదేండ్ల గడువు వ్రాయించుకొన్న మనిషి పేరు గల జిల్లాలో, నలభై రెండేండ్ల తరువాత ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య గరపే కేంద్ర విశ్వవిద్యాలయం వెలసినది. అదే సంవత్సరం నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రధానమంత్రి వాజపేయి గారు ప్రారంభించినారు. అప్పటి నుండి హైటెక్ సిటీ, సైబరాబాద్ అనే పేర్లు పుట్టినవి.

వ్యవసాయ భూముల విక్రయంపై అదుపు అనే షరతు గతి ఏమైనదో కూడ చెప్పవలె. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టంలో వ్యవసాయ భూమి చేతులు మారవలెనన్నచో అధికారి అనుమతి కావలెనన్న నిబంధన ఉండినది. 1969లో, అవే ఉద్యమపు దినాలలో, సవరణ చట్టం దానిని తొలగించినది. ఆ పిదప భూమికి ధర తప్ప మరొక కాపలా లేదు. జొన్న పండిన నేల గజాల లెక్కన అమ్ముడుపోయినది. అమ్మినవారిలో ఆ ఊరి రైతులు, మన ముస్లిం ఇనాందారుల కుటుంబాలు, ఇద్దరూ ఉన్నారు. అమ్మిన డబ్బుతో బాగుపడినవారూ ఉన్నారు, అదే స్థలంలో లేచిన మేడకు కాపలా పనికి కుదిరినవారూ ఉన్నారు. ప్రతి అమ్మకపు దస్తావేజులోనూ, భూమి ఉన్న ఊరి పేరు క్రింద, రంగారెడ్డి జిల్లా అని ఉంటుంది.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది. 2016 అక్టోబరులో పాత రంగారెడ్డి జిల్లాను మూడు జిల్లాలుగా విభజించినారు. వికారాబాదు, మేడ్చల్ మల్కాజిగిరి వేరుపడినవి. శేరిలింగంపల్లి, మొయినాబాదు మాత్రం ఆయన పేరు గల జిల్లాలోనే మిగిలినవి, షాద్‌నగర్ అప్పుడు కొత్తగా అందులో చేరినది. ఆయన పుట్టిన ఊరు, అధ్యక్షత వహించిన సభాస్థలి, అద్దాల మేడల వీధి, మూడూ ఒకే కలెక్టరు క్రింద ఉన్నవన్న మాట.

రంగారెడ్డి గారు తమ జీవితచరిత్రను తెలుగులో తామే వ్రాసికొన్నారు. ఆ పుస్తకాన్ని మన గ్రంథాలయానికి తెప్పించుమని కళాశాల కమిటీ పెద్దలను ఈ సందర్భంలో మనవి చేస్తున్నాను. ఉర్దూ శాఖ మిత్రులు అందులోని న్యాయవాద జీవితపు భాగాన్ని ఉర్దూలోకి మార్చి వచ్చే సంవత్సరపు సంచికలో వేసినచో మరీ సంతోషం. ఇక సెలవు రోజున గండిపేట చెరువు చూడబోయే విద్యార్థులకు ఒక మాట. అక్కడి నుండి పెద్దమంగళారం ఏమంత దూరం కాదు. మొయినాబాదు వైపు పోయి ఎవరిని అడిగినా దారి చూపుతారు.